డ్రమ్మర్ల సంక్షేమం కోరుతూ ఒక వినతి

పోయిన ఏడాది మా బ్యాండ్ సింగర్ "నన్ను నేను వెతుక్కోవాలి మామా" అన్నాడు. వెతుక్కోవడానికి గిటారు పట్టుకుపోయాడు. డ్రమ్స్ మా ఇంట్లోనే వదిలేశాడు, అవి నావి కాబట్టి. అప్పట్నుంచి ఈ సమస్యను వ్యక్తిగతంగా కాకుండా సామాజికంగా చూస్తున్నాను.

ఎక్కడ చూసినా ఇదే వరస. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో అయిదుగురు కలిసి బ్యాండ్ పెడతారు. పేరు ఖాయం చేయడానికి ఆరు నెలలు, పాట కట్టడానికి వారం. ఇంతలో బేస్ గిటారు వాయించేవాడికి బెంగళూరులో ఉద్యోగం, కీబోర్డు వాడికి పెళ్ళి. పాడేవాడు గడ్డం పెంచి, ఎత్తు స్టూలొకటి కొని, 'సోలో అకూస్టిక్' (అంటే ఒక్కడే, గిటారొకటే) అని పోస్టర్ వేస్తాడు.

దీన్ని అంతర్మథనం అంటున్నారు. నేను లెక్కేశాను. కెఫే వాళ్ళిచ్చే 5,000 పంచుకుంటే తలకి వెయ్యి. అందులోంచే డ్రమ్స్‌కి ట్రాలీ ఆటో, రానూపోనూ 1,800. గిటారయితే మెట్రోలో పడుతుంది. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా అంతర్మథనం వంద రూపాయల్లోపు తేలిపోతుంది.

ఈ మార్గానికి ఆదిగురువు అమెరికాలో ఉన్నాడు, జస్టిన్ వెర్నన్ అనే పాటగాడు. నార్త్ కరోలినాలో బ్యాండ్ చెదిరింది, ప్రేమ చెదిరింది, పైగా జబ్బు చేసింది. 2006 చలికాలంలో విస్కాన్సిన్ వెళ్ళి, అడవిలో వాళ్ళ నాన్న వేట గుడిసెలో ఒంటరిగా మకాం పెట్టి పాటలు రికార్డు చేసుకున్నాడు. 'బోన్ ఈవేర్' అని పేరు పెట్టుకున్నాడు. ఫ్రెంచిలో 'మంచి చలికాలం' అని, స్పెల్లింగు మాత్రం సొంతం. 2012లో గ్రామీ వాళ్ళు 'కొత్త కళాకారుడు' అవార్డిచ్చారు, మొదటి ఆల్బమ్ వచ్చి నాలుగేళ్ళు దాటాక.

ఈ కథ మావాడు నాకు పద్నాలుగుసార్లు చెప్పాడు. ఒక్కసారి కూడా చివరిదాకా చెప్పలేదు. ఆ ఒంటరి మనిషి తర్వాత కచేరీలకు బయల్దేరితే వెంట ఇద్దరు డ్రమ్మర్లు. ఇద్దరు!

మావాడికి వేట గుడిసె ఎక్కణ్ణుంచి వస్తుంది? నూజివీడు దగ్గర పెద్దమ్మగారి మామిడితోటకి వెళ్ళాడు. రికార్డింగులో బోరు మోటారు పడింది, కోయిల పడింది, "ఒరేయ్, మజ్జిగ తాగి పాడుకో" అన్న పెద్దమ్మ గొంతు స్పష్టంగా పడింది. ఉన్నమాట చెప్పాలంటే ఆ పాటలో శ్రుతిలో ఉన్నది ఆవిడే.

అకూస్టిక్ అంటే కరెంటు అక్కర్లేదనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. 1993లో నిర్వాణా అనే రాక్ బ్యాండ్ న్యూయార్కులో 'ప్లగ్గు పీకేశాం' అంటూ చేసిన అన్‌ప్లగ్డ్ కచేరీలో సింగర్ కర్ట్ కోబేన్ గిటారు, శబ్దం పెంచే ఆంప్‌కి తగిలించే ఉంది. ఆంప్‌ని వాయించేవాళ్ళు తమ శబ్దం వినడానికి పెట్టుకునే మానిటర్ స్పీకరులా కనబడేట్టు దాచారు. ఆ గిటారే 2020 వేలంలో 60 లక్షల డాలర్లు పలికింది. ఎంత మోసమైనా కానీండి, డ్రమ్మర్ డేవ్ గ్రోల్ చేతిలో కర్రలకి బదులు మెత్తగా మోగే బ్రష్‌లు పెట్టారే గానీ ఇంటికి పొమ్మనలేదు. (మన హరిదాసు నయం. తంబురా, చిడతలతో ఒక్కడే తిరిగినన్నాళ్ళూ తిరిగి, ఇప్పుడు స్కూటరుకి బాహాటంగా స్పీకర్ కట్టుకున్నాడు. తనని తాను వెతుక్కుంటున్నానని ఏనాడూ అనలేదు.)

పోయిన నెల మావాడి షోకి టికెట్ కొనుక్కుని వెళ్ళాను. కాళ్ళ దగ్గర లూపర్ పెడల్ ఉంది, ఒకసారి వాయించింది పట్టుకుని మళ్ళీ మళ్ళీ మోగించేది. గిటారు పొట్ట మీద అరచేత్తో 'డుబ్ డుబ్' మని నాలుగు దెబ్బలేసి పెడల్ తొక్కాడు. చెయ్యి తీసేసినా డుబ్బు మోగుతూనే ఉంది. అది నా డుబ్బు. నాలుగేళ్ళు వాయించినవాణ్ణి, గుర్తుపట్టలేనా? పెడల్ వాటా అడగదు, బిర్యానీలో లెగ్ పీస్ కోసం పోట్లాడదు.

షో అయ్యాక దగ్గరికొచ్చాడు. "ఎలా ఉంది మామా?"

"టెంపో పరిగెడుతోందిరా."

కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "కహోన్ అని ఒకటుంది. మీద కూర్చుని వాయించే పెట్టె. ఆటోలో పడుతుంది."

"పోస్టర్ మీద నా పేరుంటుందా?"

"సోలో కదా మామా!"

ఆలోచించి చెప్తానన్నాను. పెట్టె మాత్రం మర్నాడే కొనేశాను. రెండో డ్రమ్మర్ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. ఆసక్తి ఉన్నవాళ్ళు పెట్టె సొంతంగా తెచ్చుకోవాలి.