‘యాడ్స్ లేకపోతే ఏదీ బతకదు’ అనేవాళ్లకు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఆ ఫార్వర్డ్ మళ్లీ వచ్చింది: "యాడ్స్ లేకపోతే ఏ సైటూ, ఏ యాపూ బతకదు. అవి ఉండబట్టే మనకన్నీ ఫ్రీ. నాలుగు యాడ్స్ చూస్తే మీ సొమ్మేం పోయింది?"

ముందు "బతకదు" సంగతి. వికీపీడియా 2001లో మొదలైంది. ఇప్పటికీ విరాళాలతోనే నడుస్తోంది. యాడ్స్ పెడతారేమో అన్న అనుమానానికే 2002లో స్పానిష్ వికీపీడియా రాసేవాళ్లు చాలామంది వేరు కుంపటి పెట్టుకున్నారు. మన తెలుగు వికీపీడియాలో చిన్న చిన్న ఊళ్లకు కూడా పేజీలున్నాయి. ఏ సబ్బు కంపెనీ వాటి ఖర్చు భరిస్తుంది?

అంతెందుకు, ఆ ఫార్వర్డ్ మోసుకొచ్చిన వాట్సాప్‌నే చూడండి. 2014లో ఫేస్‌బుక్ దాన్ని కొనేనాటికి వాడేవాళ్లు 45 కోట్లు, ఉద్యోగులు 55 మంది. యాడ్స్ లేవు. మొదటి ఏడాది తర్వాత ఏడాదికి డాలర్ లోపు ఫీజు అనేవారు, అదీ చాలామంది దగ్గర వసూలు చేయలేదు. పెట్టుబడిదారుల డబ్బు వెనక ఉంది, కాదనను. 2016లో ఆ ఫీజు కూడా తీసేశారు. అప్‌డేట్స్ ట్యాబ్‌లో యాడ్స్ పెడతామని 2025 జూన్‌లో చెప్పారు. యాడ్స్ లేకుండా బతకలేకే అయితే ఇన్నాళ్లు ఎలా ఆగారు?

"ఫ్రీ" అంటారా? యాడ్‌కి పెట్టిన ఖర్చును కంపెనీ సబ్బు ధరలో కలిపి మన దగ్గరే రాబట్టుకుంటుంది. నెట్ వాడని మా అమ్మమ్మ కూడా ఆ సబ్బే కొంటుంది.

"సొమ్మేం పోయింది" అన్నదానికి జవాబు గూగుల్ వ్యవస్థాపకులే చెప్పారు. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1998 నాటి తమ పరిశోధన పత్రంలో, యాడ్స్ డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజిన్ యాడ్స్ ఇచ్చేవాళ్ల వైపే మొగ్గుతుందని రాశారు. తర్వాత వాళ్లు కట్టింది అలాంటి కంపెనీనే, అది వేరే కథ!

చిన్న ఊళ్లో కూర్చుని వంటల వీడియోలు చేసే ఆవిడకి యాడ్సే ఆదాయం. నెలకి పది రూపాయలు కట్టమంటే మనలో సగం మంది పక్క ఛానల్‌కి పోతాం. అందుకే యాడ్స్ మొత్తం తీసేయమని నేననను. కానీ పేపర్లో చీరల యాడ్ దశాబ్దాలుగా వస్తోంది, నిన్న నేనేం వెతికానో దానికి తెలియదు. వంకాయ కూర వీడియోకి ముందు నూనె యాడ్ వేయడానికి నా లొకేషన్ ఎందుకు?