ముందు నుయ్యి, పెడతల గొయ్యి

ముప్పై తొమ్మిదేళ్ళ పాటు నా పెడతలను నేను సరిగ్గా చూసుకున్న పాపాన పోలేదు. సెలూన్‌లో కటింగ్ అయ్యాక చిన్న అద్దం వెనక పట్టుకుని "ఎలా ఉంది సార్?" అంటారు చూడండి, అప్పుడు కూడా అందులోకి చూడకుండానే "బాగుంది, బాగుంది" అని లేచిపోయేవాణ్ణి. నా దిగులంతా ముందు వైపే. స్నానం చేసి ముఖం తుడుచుకుంటే తువ్వాలు కనుబొమల దగ్గర బయల్దేరి నడినెత్తి దాకా అడ్డూ ఆపూ లేకుండా వెళ్ళిపోయేది. 1951లో హామిల్టన్ అనే శాస్త్రవేత్త వేసిన కొలబద్దను 1975లో నార్వుడ్ అనే డాక్టరు సరిదిద్ది, మగవాళ్ళ బట్టతలను ఏడు మెట్లు చేశాడు. నేను నాలుగో మెట్టు మీద నిలబడి ఐదో మెట్టు వైపు చూస్తున్నాను. ఎక్కడమే తప్ప దిగడం లేని మెట్లు అవి.

సరే, జుట్టు నాటించుకుందామని బయల్దేరాను. మొదట వెళ్ళిన చోట డాక్టరు కనిపించలేదు. టై కట్టుకున్న ఒక కుర్రాడు నా నుదుటి మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాడు. గీత కనుబొమలకు బాగా దగ్గరగా వచ్చింది. అద్దంలో చూసుకుంటే కాలేజీ ఐడీ కార్డులో ఉన్నవాడు కనిపించాడు. "ఐదు వేల గ్రాఫ్టులు సార్, ఒక్క సిటింగ్‌లో లాగేద్దాం" అన్నాడు. గ్రాఫ్టు అంటే ఒకచోట తీసి ఇంకోచోట నాటే జుట్టు కుదురు. ఎక్కడి నుంచి లాగుతాడో నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తున్నట్టు ఇద్దరం సంతోషంగా ఉన్నాం.

మా ఆవిడ పట్టుబట్టి రెండో చోటికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరుగారు నా నుదురు వైపు కన్నెత్తి చూడలేదు. "అటు తిరగండి" అన్నారు. తిరిగాను. పెన్నులాంటి కెమెరా ఒకటి పెడతల మీద ఆనించి, చెవుల పక్కగా, మెడ దాకా, అంగుళం అంగుళం చూసుకుంటూ పోయారు. పది నిమిషాలు గోడతో ముఖాముఖి కూర్చున్నాను.

"డోనర్ ఏరియా ఫర్వాలేదు" అన్నారు చివరికి.

"దాత ఎవరండీ?" అన్నాను.

"మీరే."

ఆ డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. నెత్తి మీది కుదుళ్ళకు డీహెచ్‌టీ అనే హార్మోను పడదు. పెడతల మీద, చెవుల పైన ఉన్న కుదుళ్ళు మాత్రం దాన్ని లెక్కచేయవు. అందుకే ఎంత బట్టతల వాడికైనా వెనక గుర్రపు నాడా ఆకారంలో జుట్టు మిగులుతుంది. ఆ కుదుళ్ళను తీసుకెళ్ళి ముందు నాటినా అవి తమ గుణం మార్చుకోవు. నార్మన్ ఓరెంట్రైక్ అనే అమెరికన్ డాక్టరు 1950లలో చేసి చూపించింది ఇదే. అత్తారింటికి వెళ్ళినా పుట్టింటి బుద్ధి పోదన్నమాట. అయితే అసలు మెలిక తర్వాత ఉంది. నారుమడిలో నారు పీకేశాక మళ్ళీ విత్తనాలు చల్లుకోవచ్చు. పెడతల ఒక్కసారే వేసిన నారుమడి. పంచ్ అనే సన్నటి గొట్టపు కత్తితో కుదురు తీసిన చోట ఇక జన్మలో వెంట్రుక మొలవదు. ముల్లు మొనంత తెల్లటి చుక్క ఒకటి మిగులుతుంది, అంతే. ముందుకు వచ్చిన ప్రతి గ్రాఫ్టూ వెనక ఒక ఖాళీ వదిలి వచ్చిందే.

"మీకు చదరపు సెంటీమీటరుకు 72 కుచ్చులు ఉన్నాయి. ఒక్కో కుచ్చులో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు. నేను సెంటీమీటరుకు 15కు మించి తీయను. ఒకేచోట తీయను, చెదురుమదురుగా తీస్తాను. మెడ దగ్గరివి, చెవులకు మరీ పైనున్నవి అసలు ముట్టుకోను, అవి రేపు రాలిపోయే రకం కావచ్చు."

"మరి ఐదు వేలు..."

"ఒకేసారి తీస్తే వెనక చెదలు పట్టిన దుప్పటిలా ఉంటుంది. ఐదేళ్ళకు నడినెత్తి కూడా ఖాళీ అయ్యాక మళ్ళీ వస్తారు. అప్పుడు ఎక్కడి నుంచి తీయను? గడ్డం నుంచా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. గడ్డం నుంచి కూడా తీస్తారట.

ఆపరేషన్ రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెడతల నున్నగా గీశారు, మత్తు సూదులు గుచ్చారు, సగం రోజు బోర్లా పడుకున్నాను, మిగతా సగం వెల్లకిలా పడుకున్నాను. 0.9 మిల్లీమీటర్ల పంచ్, 2200 గ్రాఫ్టులు. అసలు కథ ఇంటికొచ్చాకే మొదలైంది.

పడుకోవడం అనే పనికి ఇంత లెక్కలు ఉంటాయని నాకు తెలియదు. ముందు నాటిన చోట పది రోజులు ఏదీ తగలకూడదు కాబట్టి బోర్లా పడుకోవడం కుదరదు. వెల్లకిలా పడుకుంటే 2200 చిల్లులూ దిండు మీద. పోనీ పక్కకు తిరుగుదామంటే చెవుల పైన కూడా తవ్వారు. బొమ్మకు నాలుగు వైపులుంటే నాలుగు వైపులా "ముట్టుకోరాదు" అని రాసినట్టుంది నా తల. చివరికి మెడకు ప్రయాణాల దిండు తగిలించుకుని, వీపు వెనక మూడు దిళ్ళు పేర్చుకుని, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా మంచం మీద కూర్చుని నిద్రపోయాను. మధ్యరాత్రి మంచినీళ్ళకని లేచిన మా అమ్మాయి నన్ను చూసి "నాన్నా, ఊరికి వెళ్తున్నావా?" అని అడిగింది.

ఐదో రోజు దురద మొదలైంది. గాయాలు మానుతున్నాయనడానికి గుర్తేనట. అది మామూలు దురద కాదు. 2200 చోట్ల నుంచి ఒకేసారి పిలుపు. గోకితే పొక్కులు ఊడి ఇన్ఫెక్షన్ రావచ్చన్నారు. సెలైన్ స్ప్రే కొట్టుకోమన్నారు. కొడితే రెండు నిమిషాలు చల్లగా ఉండేది, మూడో నిమిషానికి నా కుడిచెయ్యి నాకు తెలియకుండానే మెడ వెనక్కి బయల్దేరేది. "ఏమండీ, చెయ్యి!" అని మా ఆవిడ వంటింట్లో నుంచే అరిచేది. గోడ అవతల నుంచి ఎలా కనిపించేదో ఇప్పటికీ తెలియదు.

ఎండ తగలకూడదన్నారు కదా అని సాయంత్రం కూడా గొడుగేసుకుని నడిచాను, అదీ వెనక్కి వాల్చి. సూర్యుడు ఎదురుగా ఉంటే గొడుగు వీపు మీద ఏమిటని ఒక పెద్దాయన ఆగి మరీ చూశారు. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగి చూశారు.

ఏడో రోజున మా బావమరిది చూడటానికి వచ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు, ఆ మధ్య నుంచి ఇంట్లో కూడా టోపీ తీయడం లేదు. చలి అంటాడు. కాలం ఏదైనా వాడికి చలే. నా వెనక్కి వెళ్ళి నిలబడి, "బావా, అచ్చం జల్లెడలా ఉంది. చెయ్యి పెట్టనా?" అన్నాడు. మా ఆవిడ మధ్యలోకి వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకోకపోతే పెట్టేవాడే.

ఇలా కంటికి రెప్పలా కాచుకుంటుండగా, ఇరవయ్యో రోజు నుంచి ముందు నాటిన వెంట్రుకలు రాలడం మొదలైంది. రాలతాయని డాక్టరుగారు ముందే చెప్పారు. పైన వెంట్రుక రాలినా కుదురు లోపలే ఉంటుంది, మూడు నాలుగు నెలలకు కొత్తది వస్తుంది, పూర్తిగా తెలియాలంటే ఏడాది పడుతుంది. తెలిసిన సంగతే. అయినా పొద్దున దిండు మీద కనిపించిన వాటిని లెక్కపెట్టుకుంటుంటే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? నెల తిరిగేసరికి ముందు మళ్ళీ మొదటికొచ్చింది. మిగిలిన ధైర్యం వెనక జుట్టే. అది సెంటీమీటరు పెరిగి, చుక్కలన్నింటినీ కప్పేసి, బుద్ధిగా ఉంది. జీవితంలో మొదటిసారి రెండద్దాల మధ్య నిలబడి నా పెడతలను చూసుకుని మురిసిపోయాను.

కాకపోతే మెడ దగ్గర కాస్త గజిబిజిగా పెరిగింది. నెల దాటాక ట్రిమ్మర్ పెట్టుకోవచ్చు, గార్డు మాత్రం తప్పనిసరి అని డాక్టరుగారు రాసిచ్చిన కాగితంలో ఉంది. సెలూన్‌కు వెళ్తే వాళ్ళకు ఈ చరిత్రంతా చెప్పాలి. ముప్పై మూడో రోజు, ఆదివారం, మా బావమరిది మళ్ళీ వచ్చాడు.

"నేనున్నాను కదా బావా. నాకు నేనే చేసుకుంటాను. చెయ్యి తిరిగిపోయింది."

గార్డు పెట్టాడో లేదో మూడుసార్లు అడిగాను. ముందుకు తెచ్చి చూపించాడు కూడా. పసుపుపచ్చ గార్డు, మీద 6 అని అంకె. కుర్చీలో కూర్చున్నాను, మెడ చుట్టూ తువ్వాలు. ట్రిమ్మర్ గుర్రుమని మెడ మీదికి వచ్చింది. హాయిగా ఉంది. నెల రోజులుగా గోకలేని చోటంతా ఎవరో గోకుతున్నట్టుంది. కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు టక్ మని చిన్న చప్పుడైంది. నా ఒళ్ళో ఏదో పడింది. కళ్ళు తెరిచి చూశాను. పసుపుపచ్చ ప్లాస్టిక్ ముక్క, దువ్వెనలా పళ్ళున్నాయి. ఇదేమిటబ్బా అని చేతిలోకి తీసుకున్నాను. తిప్పి చూశాను. 6 అని ఉంది. ఇది ఎక్కడో చూశానే అనుకున్నాను. ఈ ఆలోచనకు పట్టిన మూడు సెకన్లలో గుర్రు కాస్తా కీచుగా మారి, మెడ నుంచి నడినెత్తి దాకా చల్లగా ఒక దారి పడిపోయింది.

"ఆగరా!" అన్నాను.

ఆగాడు. ఆగి, "బావా, కదిలావా?" అన్నాడు.

మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి చూసింది. "నాన్నా, రోడ్డు! మధ్యలో తెల్ల చుక్కలు కూడా ఉన్నాయి!" అంది. అవి నేను నెల రోజులుగా కప్పుకున్న చుక్కలు. ఫోనుతో ఫొటో తీయించుకుని చూశాను. రెండు వేళ్ళ వెడల్పున నున్నటి బాట, నిండా పంచ్ మచ్చలు. దానికి రెండు వైపులా దట్టమైన అడవి. ముందు చూస్తే నుయ్యి. వెనక్కి చూస్తే గోతులు, అదీ లెక్కపెట్టుకోవడానికి వీలుగా.

ఆ ఫొటోనే డాక్టరుగారికి పంపాను. నెలకోసారి డోనర్ ఏరియా ఫొటో పంపమని ఎలాగూ చెప్పారు. పది నిమిషాలకు జవాబొచ్చింది. "కుదుళ్ళకు ఏమీ కాలేదు. నెలకు సెంటీమీటరు చొప్పున మళ్ళీ వస్తుంది. ఎండ తగలనివ్వకండి." దాని కింద ఇంకో వాక్యం. "గీత పైకి వెళ్ళేసరికి ఎడమకు ఎందుకు తిరిగింది?"

నేను ఆ ప్రశ్న మా బావమరిదికి చూపించాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కుర్చీ లాక్కుని నా ముందు కూర్చున్నాడు. తమ వంశంలో చిన్న వయసులోనే జుట్టు రాలే యోగం ఉందనీ, తనూ ఈమధ్య నాటించుకుందామని ఆలోచిస్తున్నాననీ, అందుకే నా తల అంత శ్రద్ధగా చూస్తున్నాననీ చెప్పుకొచ్చాడు. "బావా, నీకు ఇప్పుడు ఇవన్నీ తెలుసు కదా. నా వెనక ఎలా ఉందో ఒక్కసారి చూసిపెడతావా?"

కోపం కొంచెం తగ్గింది. తెలిసినవాణ్ణి అనిపించుకోవడంలో అంత మహిమ ఉంది. డాక్టరుగారిలాగే "అటు తిరుగు" అన్నాను. గోడ వైపు తిరిగాడు. ఫోన్ టార్చి వేశాను. నెలల తరబడి తీయని టోపీ మెల్లగా తీశాడు.

జుట్టు దట్టంగానే ఉంది. మంచి నారుమడి. మెడ నుంచి నడినెత్తి దాకా రెండు వేళ్ళ వెడల్పున ఒక బాట మాత్రం అప్పుడప్పుడే మొలకెత్తుతోంది. పైకి వెళ్ళేసరికి ఎడమకు తిరిగింది.