లోగో లేని చొక్కా

బెంగళూరులో ఖరీదైన దుకాణాలుండే విఠల్ మాల్యా రోడ్డులోని ఒక దుకాణంలో, లోగో గానీ జేబు గానీ లేని తెల్లని నూలు చొక్కాను, ఇది ఖర్చు కాదు, పెట్టుబడి అన్న మాట నమ్మి 18,000 రూపాయలకు కొన్నాను. రెండున్నర వేలు దాటిన దుస్తులకు 18 శాతం జీఎస్టీ కనుక పన్నుకే మరో 3,240 రూపాయలు పోయాయి. పొడవైన పోగుల పత్తి, దగ్గరదగ్గరగా వేసిన కుట్లు ఉంటే బట్ట మన్నుతుందన్నది నిజమే గానీ, ఆరు నెలలకే కాలరు అంచున దారాలు లేచిన ఈ చొక్కాలో ఆ రెండూ ఎక్కడున్నాయో నాకు కనిపించలేదు. బంగారమైతే తాకట్టుకైనా పనికొచ్చేది. మా అత్తగారు దాన్ని ఎగాదిగా చూసి, "ఆఫీసు యూనిఫారమా బాబూ?" అని అడిగారు. ఇస్త్రీ అతనైతే, చౌక బట్టల బజారు చిక్‌పేటలో కొన్న పాత చొక్కాల కట్టలోనే దాన్నీ కలిపేసి ఇచ్చాడు.