ఫ్లైట్ నంబర్ అడిగేవాళ్లు ఓడ పేరు ఎందుకు అడగరు?

ఎయిర్‌పోర్ట్ నుంచి ఫెర్రీ పోర్ట్‌కు ప్రైవేట్ ట్రాన్స్‌ఫర్, అంటే మనకోసమే ముందుగా మాట్లాడుకునే కారు, బుక్ చేసే సైట్లు ఓ నాలుగు తెరిచి చూడండి. ఫ్లైట్ నంబర్ ఇవ్వందే ముందుకు కదలదు. ఎంతమంది, ఎన్ని సూట్‌కేసులు, పిల్లల సీటు కావాలా, బోర్డు మీద ఏ పేరు రాయాలి, అన్నీ అడుగుతారు. దిగే చోటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పోర్ట్ పేరు ఒక్కటే. మీరు ఎక్కేది ఏ ఓడ, అది ఎన్నింటికి బయల్దేరుతుంది, ఏ గేటు దగ్గర ఆగుతుంది అన్న ప్రశ్నలు చాలా సైట్లలో కనిపించవు. ఇది చిన్న విషయం కాదు. ఫెర్రీ వివరాలు అడగని కంపెనీకి ఎవరూ డబ్బు కట్టొద్దు అన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగే అవుతుంది.

ఏథెన్స్ సంగతే తీసుకోండి. గ్రీసు దీవులకు వెళ్లేవాళ్లలో చాలామంది అక్కడే దిగుతారు. ఆ ఊరికి ఫెర్రీ పోర్ట్ ఒకటి కాదు, మూడు. పిరేయస్, రఫీనా, లావ్రియో. ఎయిర్‌పోర్ట్ ఊరికి తూర్పున స్పాటా దగ్గర ఉంది. రఫీనా కూడా అటువైపే, దాదాపు అరగంటలో చేరిపోవచ్చు. పిరేయస్ ఊరికి అవతలి వైపు, ట్రాఫిక్‌ని బట్టి గంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పైగా మికోనోస్, టీనోస్ లాంటి దీవులకు పిరేయస్ నుంచీ ఓడలున్నాయి, రఫీనా నుంచీ ఉన్నాయి. టికెట్ మీద చిన్న అక్షరాల్లో ఉన్న పోర్ట్ పేరు చూడకుండా, ఏథెన్స్ పోర్ట్ అంటే పిరేయసే కదా అనుకుని బుక్ చేసేవాళ్లు ఉంటారు. బుకింగ్ ఫారంలో ఓడ పేరు, టైము అడిగి ఉంటే, ఆఫీసులో కూర్చున్న మనిషి ఒక్క చూపులో పట్టేస్తాడు. రోజూ అదే పని చేసేవాడికి అందులో కష్టమేముంది?

ఇది గ్రీసుకే పరిమితం కాదు. నేపుల్స్‌లో కాప్రి, ఇస్కియా వైపు వెళ్లే హైడ్రోఫాయిల్స్ (వేగంగా వెళ్లే చిన్న ఓడలు) మోలో బెవెరెల్లో నుంచి, కార్లు ఎక్కించుకునే పెద్ద ఫెర్రీలు కలాతా పోర్తా ది మాస్సా నుంచి బయల్దేరతాయి. ఊరు ఒకటే, పోర్ట్ పేరు ఒకటే, రేవులు మాత్రం రెండు. థాయ్‌లాండ్‌లో కో సముయి వెళ్లడానికి సూరత్ థానీలో దిగి డోన్ సాక్ వెళ్తారు. అక్కడా ఓడ కంపెనీని బట్టి రేవు మారిపోతుంది. ఇక క్రూజ్‌లవాళ్లు, ఫెర్రీలవాళ్లు రోమ్ పోర్ట్ అని రాసేది చివితావెక్కియాని. అది రోమ్ నగరానికి వాయవ్యంగా చాలా దూరంలో ఉన్న వేరే ఊరు.

సరే, పోర్ట్ సరైనదే అనుకుందాం. అక్కడితో అయిపోదు.

పిరేయస్‌లో గేట్లకు ఇ1 నుంచి మొదలుపెట్టి వరసగా నంబర్లు ఉంటాయి. మికోనోస్ లాంటి సైక్లేడ్స్ దీవుల ఓడలు ఎక్కువగా ఇ6, ఇ7 వైపు ఆగుతాయి. అవి మెట్రో స్టేషన్‌కి ఎదురుగా ఉంటాయి. రోడ్స్, కోస్ లాంటి డోడెకనీస్ దీవులకు వెళ్లేవి ఇ1 దగ్గర, రేవుకి ఆ చివర. అమ్మానాన్నలతో నేను రోడ్స్ వెళ్లేటప్పుడు బుక్ చేసిన బండి మమ్మల్ని దింపింది మెట్రో ఎదురుగా. డ్రైవర్ చాలా మర్యాదస్తుడు, ఆయన్ని ఒక్క మాట అనను. ఫోన్ తీసి చూపించాడు. ఆయనకు కంపెనీ పంపిన మెసేజ్‌లో మా పేరు, ఫ్లైట్ నంబర్, "పిరేయస్ పోర్ట్" అనే మాట, దాని కింద మ్యాప్‌లో ఒక పిన్. ఓడ పేరు లేదు, గేటు లేదు. వేరే పికప్‌కి టైమైపోతోందని సామాను దింపి వెళ్లిపోయాడు.

ఎదురుగా ఇనుప కంచె, దాని అవతల వరసగా ఓడలు. ఒకదాని వెనక ర్యాంప్ దించి ఉంది. లారీలు రివర్స్‌లో లోపలికి వెళ్తున్నాయి, ఓడ మనుషులు విజిల్ వేస్తూ చేతులు ఊపుతున్నారు. మా ఓడ అదేననుకుని నాన్నగారు రెండు సూట్‌కేసులు లాక్కుంటూ గబగబా నడిచారు. దగ్గరికెళ్తే దాని పేరు వేరు. కాపలా గదిలో ఉన్న మనిషికి టికెట్ చూపిస్తే ఇ1 అన్నాడు, చెయ్యి దూరంగా అటు చివరకి చూపించాడు. సామానుతో నడిస్తే అరగంట పట్టే దూరం. అమ్మకి మోకాళ్ల నొప్పులు.

"నడవగలవా అమ్మా?"

"నా సంగతి తర్వాత. ముందు ఆ ఓడ వెళ్లిపోకుండా చూడు."

పోర్ట్ లోపల తిరిగే ఉచిత బస్సు ఒకటుంది. అది దొరికింది కాబట్టి సరిపోయింది. ర్యాంప్ ఎత్తేలోపు ఎక్కేశాం. దొరక్కపోతే ఆ రాత్రికి అక్కడే గది వెతుక్కుని, మర్నాటి ఓడకి మళ్లీ టికెట్లు కొనుక్కుని, రోడ్స్‌లో ముందే కట్టిన హోటల్ డబ్బు వదులుకోవాల్సి వచ్చేది.

కంపెనీకి రాశాను. వాళ్ల జవాబు ఒక్క వాక్యం. మీరు పిరేయస్ పోర్ట్ అని బుక్ చేశారు, మేము పిరేయస్ పోర్ట్‌లో దించాం. కాగితం మీద అది తప్పు కాదు, అందుకే నాకు ఇంకా మండింది. నేను డబ్బు కట్టింది నా ఓడ నాకు అందుతుందని. వాళ్లు అమ్మింది మ్యాప్‌లో ఒక పిన్ నుంచి ఇంకో పిన్‌కి కారు నడపడం. ఆ తేడా బుకింగ్ పేజీలో ఎక్కడా రాసి ఉండదు. పైగా ఆ పేజీ నిండా "టెన్షన్ లేని ప్రయాణం", "ఇంటి గుమ్మం నుంచి ఓడ దాకా" లాంటి మాటలే.

ఇక్కడ చట్టం సంగతి కూడా కొంచెం తెలుసుకోవాలి. యూరప్‌లో విమానం ఆలస్యమైతే 261/2004 రెగ్యులేషన్ ఉంది. ఓడ ఆలస్యానికి 1177/2010 రెగ్యులేషన్ ఉంది. ఓడ రద్దయినా, బయల్దేరడం తొంభై నిమిషాలు దాటి ఆలస్యమయ్యేలా ఉన్నా, వేరే ప్రయాణమో డబ్బు వాపసో ఎంచుకునే హక్కు ప్రయాణికుడికి ఉంటుంది. కానీ ఫ్లైట్ ఆలస్యమై మీ ఓడ తప్పిపోతే? ఓడ టైముకే వెళ్లింది కాబట్టి ఓడవాళ్లకు సంబంధం లేదు. ఫ్లైట్‌వాళ్లు తమ లెక్క ఎయిర్‌పోర్ట్‌తో ముగించేస్తారు. మధ్యలో ట్రాన్స్‌ఫర్ కంపెనీ మేము కారు పంపాం కదా అంటుంది. ఎవరికి వారే యమునా తీరే. ఫ్లైట్, కారు, ఓడ, హోటల్ అన్నీ కలిపి ప్యాకేజీగా కొంటే 2015/2302 డైరెక్టివ్ ప్రకారం అమ్మినవాడిదే బాధ్యత. విడివిడిగా కొన్నవాళ్లకు ఆ రక్షణ లేదు. మనలో ఎక్కువమంది ఫోన్లో విడివిడిగానే కొంటాం. అందుకే మధ్యలో ఉన్న ఆ కారు కంపెనీ ఎంత జాగ్రత్తగా పనిచేస్తే మనకి అంత మేలు.

"కారు నడిపేవాళ్లకి ఓడల గొడవ ఎందుకు, ఫ్లైట్ అయితే ట్రాక్ చెయ్యొచ్చు, ఓడని ఎలా చేస్తారు?" అని ఒక స్నేహితుడు నాతో వాదించాడు. చెయ్యొచ్చు. అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం సోలాస్ కింద ప్రయాణికుల ఓడల్లో ఏఐఎస్ అనే ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి చేసి చాలా ఏళ్లయింది. ఓడ పేరు, వేగం, ఉన్న చోటు అది ఎప్పటికప్పుడు పంపుతూనే ఉంటుంది. మెరైన్‌ట్రాఫిక్ లాంటి సైట్లలో ఆ ఓడ మ్యాప్ మీద కదులుతూ మనందరికీ కనిపిస్తుంది. ఇంట్లో కూర్చుని నేను చూడగలిగినది, రోజూ డ్రైవర్లని పోర్ట్‌కి పంపే ఆఫీసు చూడలేదా?

తిరుగు ప్రయాణంలో ఇది మరీ ఎక్కువ బాధిస్తుంది. ఎయిర్‌పోర్ట్‌లో అయితే ఫ్లైట్ దిగినప్పటి నుంచి గంట దాకా ఉచితంగా ఆగుతామంటారు. అదే కంపెనీ పోర్ట్ పికప్‌కి వచ్చేసరికి పావుగంటో అరగంటో ఇస్తుంది, అదీ మీరు బుకింగ్‌లో రాసిన టైము నుంచి. ఓడ ఎప్పుడొచ్చిందన్న లెక్కే లేదు. విమానాల కన్నా గాలికి, అలలకి ఎక్కువ లోబడేది ఓడే కదా. దారిలో రెండు మూడు దీవుల దగ్గర ఆగుతూ వచ్చే ఓడ అరగంట ఆలస్యం కావడం మామూలు. ఆలస్యం ఎక్కువగా అయ్యే చోట తక్కువ గడువు ఇవ్వడం ఏ న్యాయం? ఆ అరగంట దాటితే మీరు రాలేదని రాసుకుని డ్రైవర్ వెళ్లిపోవచ్చు, కట్టిన డబ్బు తిరిగి రాదు. మీ ఫ్లైట్ మాత్రం మీకోసం ఆగదు.

గాలి అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. గాలి మరీ పెరిగితే కోస్ట్‌గార్డ్ ఓడల్ని కదలనివ్వదు. అలాంటి నిషేధం ఎక్కువగా ముందురోజో అదే రోజు పొద్దున్నో తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ రద్దు చేసుకోవడానికి గడువేమో 24 గంటల ముందు వరకే. అంటే ఓడ లేదని తెలిసేసరికి కారు డబ్బు పోయినట్టే. ఓడవాళ్లు టికెట్ డబ్బు తిరిగిస్తారు, లేదా ఇంకో రోజుకి మార్చిస్తారు. కారువాళ్లు ఎందుకు మార్చరు? ఓడ రద్దయిందన్న మెసేజ్ చూపిస్తే తేదీ మార్చిచ్చే కంపెనీలు కొన్ని ఉన్నాయి, చిన్నవే. అలాంటివాళ్లకి పది రూపాయలు ఎక్కువైనా సంతోషంగా ఇవ్వొచ్చు.

టైము లెక్క కూడా వెనక నుంచి వెయ్యాలి. సైట్లు ఫ్లైట్ దిగే టైము నుంచి ముందుకి లెక్కేసి ఫలానా టైముకి పోర్ట్‌లో ఉంటారు అని చూపిస్తాయి. ఓడ బయల్దేరే టైము నుంచి వెనక్కి రండి. ఎక్కించుకోవడం ఆపేది అంతకు ముందే. టికెట్ మీద అరగంటనో గంటనో ముందు రమ్మని రాసి ఉంటుంది. అక్కడి నుంచి రోడ్డు మీద పట్టే టైము, ట్రాఫిక్‌కి ఇంకొంచెం, సామాను కోసం నిలబడే టైము, పాస్‌పోర్ట్ క్యూ. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో, అంటే షెంగెన్ దేశాల్లో, 2025 అక్టోబరు 12 నుంచి కొత్త ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. యూరోపియన్ యూనియన్‌కీ షెంగెన్‌కీ బయటి పాస్‌పోర్ట్‌లవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు ఫొటో, వేలిముద్రలు ఇవ్వాలి. మన పాస్‌పోర్ట్‌లన్నీ అందులోకే వస్తాయి. ఆ క్యూ ఎంతసేపన్నది ఆ రోజు దిగిన విమానాలని బట్టి ఉంటుంది. ఎయిర్‌పోర్ట్‌లో ఇచ్చే ఆ ఉచిత గంట కూడా ఇందులోనే కరిగిపోతుంది. ఫ్లైట్ దిగడానికీ ఓడ కదలడానికీ మధ్య నాలుగు గంటలైనా లేకపోతే ఏథెన్స్ నుంచి పిరేయస్ లెక్క నాకు ధైర్యం చాలదు.

అందరికీ ప్రైవేట్ కారు అక్కర్లేదు, అదీ నిజమే. ఒక్కరే, ఒక చిన్న బ్యాగుతో వెళ్తుంటే ఏథెన్స్‌లో 2022 అక్టోబరు నుంచి మెట్రో మూడో లైన్ ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా పిరేయస్ దాకా వెళ్తోంది. అర్ధరాత్రి దిగినా ఎక్స్96 బస్సు ఉంటుంది. సూరత్ థానీలో బస్సు, ఫెర్రీ కలిపి ఒకే టికెట్‌గా అమ్ముతారు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఆ బస్సు ఏ ఓడకి అందాలో బస్సు నడిపేవాళ్లకి తెలుసు. ఎంతో ఎక్కువ డబ్బు తీసుకునే ప్రైవేట్ కారుకి ఆ మాత్రం తెలియకపోవడమే నా బాధ. ఈ కార్లు బుక్ చేసేది ఎక్కువగా పెద్దవాళ్లతో, పసిపిల్లలతో, నాలుగు సూట్‌కేసులతో వెళ్లేవాళ్లు. పరుగెత్తలేనివాళ్లు. తప్పు గేటు దగ్గర దింపితే తట్టుకోలేనిది వీళ్లే.

ఇప్పుడు నేను డబ్బు కట్టే ముందు ప్రతి కంపెనీకి ఒక మెసేజ్ పెడుతున్నాను. ఓడ పేరు, కంపెనీ, బయల్దేరే టైము, టికెట్ మీద ఉన్న పోర్ట్, తెలిస్తే గేటు, అన్నీ రాసి, నాలుగు విషయాలు అడుగుతాను. ఇవన్నీ డ్రైవర్ కాగితం మీదకి వెళ్తాయా? ఆ రోజు గేటు మారితే ఎవరు చూస్తారు? ఓడ రద్దయితే తేదీ మారుస్తారా? తిరిగి వచ్చేటప్పుడు ఉచితంగా ఆగే సమయం ఓడ రేవులో ఆగినప్పటి నుంచి లెక్కిస్తారా? కొందరు తయారుగా ఉన్న జవాబు అంటించి పంపిస్తారు, వాళ్లని వదిలేస్తున్నాను. ఈమధ్య ఒక చిన్న ఆపరేటర్ మాత్రం పది నిమిషాల్లో ఫోన్ చేసి, "ఆ ఓడ సాయంత్రం ఇ1 నుంచి కదా, మీరు చెప్పిన ఫ్లైట్‌కైతే టైము చాలదు, వీలుంటే ముందు ఫ్లైట్ చూసుకోండి" అన్నాడు. అప్పటికి ఆయనకి నేను ఒక్క పైసా కట్టలేదు. వెంటనే ఫ్లైట్ మార్చుకుని ఆయన దగ్గరే బుక్ చేశాను. మీకు తెలిసిన ఇలాంటి మంచి ఆపరేటర్లు ఉంటే, ఏ ఎయిర్‌పోర్ట్ నుంచి ఏ పోర్ట్‌కో రాసి కింద చెప్పండి.