గౌరవ వేతనం గారికి ఒక రిటైర్డు బిల్లుల గుమస్తా విన్నపం

గౌరవనీయులైన గౌరవ వేతనం గారికి, విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

విషయం: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువు చెప్పే అంగన్‌వాడీ టీచర్ల బిల్లులో జీతానికి బదులు తమరు కూర్చున్న గడి గురించి.

నేను ప్రభుత్వ కార్యాలయంలో జీతాల బిల్లులు రాసి రాసి కళ్లద్దాల నంబరు పెంచుకున్నవాణ్ని. మూల వేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, ఏటా ఒక ఇంక్రిమెంటు, ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయాక వచ్చే పీఆర్సీ అనే వేతన సవరణ, వీళ్లంతా నాకు పాత పరిచయస్థులు. ఎవరు ఏ గడిలో కూర్చుంటారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. తమరిని కలుసుకునే భాగ్యం మాత్రం నా సర్వీసులో ఎన్నడూ కలగలేదు. పదవీ విరమణ తరువాత, మా వీధి చివర అద్దె గదిలో నడిచే అంగన్‌వాడీ కేంద్రానికి మనవరాలిని దింపివచ్చే ఉద్యోగం నాకు పడింది కనుక, అక్కడి టీచరమ్మ ద్వారా తమరి పేరు విని, పాత అలవాటు కొద్దీ కాగితాలు తిరగేశాను.

తమరి జాతకం 1975 అక్టోబరు 2న, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంతో పాటే మొదలైనట్టు తెలిసింది. అప్పట్లో మెట్రిక్ చదివిన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, చదవనివారికి 100. ఊళ్లోని ఒక సేవాభావం గల మహిళ తన తీరిక వేళలో నలుగురు పిల్లలను చేరదీస్తుందని, ఆమెకు చేతిలో ఏదో కాస్త పెడితే బాగుంటుందని ఆనాటి పెద్దలు అనుకున్నారు. అది తప్పని నేను అనను. ఆ తీరిక వేళ ఉదయం తొమ్మిదింటికి మొదలై పూటంతా మింగేసి, పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, తల్లులకు బోధన, ఆసుపత్రికి పంపడం, బడికి ముందు చదువు అనే ఆరు పనులతో నిండి, ఆ పైన పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో లబ్ధిదారుల ముఖాలను ఫొటో తీసి సరిపోల్చే దాకా వచ్చినా, తమరు మాత్రం ఆనాటి మొహమాటంలోనే ఉండిపోయారు. కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరులో తమరిని 3,000 నుంచి 4,500కు పెంచింది. ఆ 4,500లోనూ కేంద్రం మోసేది అరవై శాతమే, మిగతాది రాష్ట్రం వాటా. దాని మీద రాష్ట్రం తన సొంత సొమ్ము కలిపి 2019లో 11,500 చేసింది. 2023 డిసెంబరు నాటికీ తమరు అక్కడే ఉన్నారు. ఈ మధ్యలోనే, 2022లో వచ్చిన పదకొండో పీఆర్సీ రాష్ట్ర ప్రభుత్వంలో అట్టడుగు ఉద్యోగి మూల వేతనాన్ని 20,000 చేసింది. ఫైళ్లు మోసే మా అటెండరు ఆ 20,000 మీద కరువు భత్యం కూడా అందుకుంటే, పిల్లకు అక్షరాలు దిద్దించే టీచరమ్మ ధరవరలతో సంబంధం లేని లోకంలో ఉన్నట్టు తమరు లెక్క కట్టారు. పూర్ణా మార్కెట్‌లో ఉల్లిపాయల ధర మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఇంటి అద్దె భత్యం సంగతి మరీ విచిత్రం. నగరంలో చాలా కేంద్రాలకు సొంత భవనం లేదు. కంచరపాలెంలోనో అరిలోవలోనో ఒక గది అద్దెకు తీసుకుంటారు. అద్దె బిల్లు పాసు కావడం ఆలస్యమైతే ఇంటి యజమానికి సర్దిచెప్పేది టీచరమ్మే, ఆయన ఊరుకోకపోతే చేతి నుంచి కట్టేదీ టీచరమ్మే. నా సర్వీసంతా కార్యాలయం ఉద్యోగికి అద్దె భత్యం ఇవ్వడం చూశాను కానీ, ఉద్యోగి కార్యాలయానికి అద్దె భత్యం ఇవ్వడం తమరి ఏలుబడిలోనే చూశాను. ఈ పద్ధతికి ఏ పద్దు కింద బిల్లు రాయాలో మా సూపరింటెండెంటు గారు బతికి ఉంటే అడిగేవాణ్ని.

చదువు విషయానికి వస్తాను. 2020 జాతీయ విద్యా విధానం ఈ టీచర్లలో ఇంటర్ చదివినవారికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా చెప్పించాలని రాసింది. కేంద్రం 2023 మేలో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ అంటూ శిక్షణ కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది. చాలా సంతోషం. అయితే కొత్త అర్హత సంపాదించిన ఉద్యోగికి ఒక ఇంక్రిమెంటు కలిపి చూపించాలంటే బిల్లులో ముందు ఇంక్రిమెంటు గడి ఉండాలి కదా. తమరి బిల్లులో ఆ గడే గీయలేదు కాబట్టి, నిన్న చేరిన అమ్మాయికీ, ముప్పై ఏళ్లుగా చేస్తున్న ఆవిడకూ సర్వీసు ఒక్కటే అయి కూర్చుంది.

తమరి అసలు ప్రజ్ఞ ఇంకొకటి ఉంది. ఇచ్చేటప్పుడు టీచరమ్మను స్వచ్ఛంద సేవకురాలని అంటారు, తీసుకునేటప్పుడు ఉద్యోగిని అంటారు. 2019 తరువాత సంక్షేమ పథకాలకు రాష్ట్రం పెట్టిన కుటుంబ ఆదాయ పరిమితి పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000. పద్మనాభం మండలంలోని టీచరు తమరి 11,500 పుణ్యమా అని ఒక్క గెంతులో పరిమితి దాటేసి, పేదల జాబితా నుంచి బయటపడింది. గాజువాకలోని టీచరు పరిమితికి 500 తక్కువలో ఉంది గానీ, భర్త ఆటో తోలి నెలకు అంతకు మించి తెచ్చాడా, ఆవిడా బయటపడుతుంది. కనీస వేతనానికి అందనంత తక్కువగా, రేషన్ కార్డుకు అందనంత ఎక్కువగా ఒకే అంకెను నిలబెట్టడం మామూలు గుమస్తాల వల్ల అయ్యే పని కాదు.

2023 డిసెంబరు 12న ఈ టీచర్లూ ఆయాలూ రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. నెలకు 26,000 కనీస వేతనం, పని మానేటప్పుడు సర్వీసు లెక్కన చేతికిచ్చే గ్రాట్యుటీ అన్నవి వారి ముఖ్యమైన కోర్కెలు. మా నగరపాలక సంస్థ జీవీఎంసీ ఎదుట గాంధీ విగ్రహం దగ్గర నినాదాలు వినడం మా ఊరి వాళ్లకు కొత్త కాదు కానీ, ఆ తరువాత జరిగినది నా వంటి నిబంధనల పిచ్చివాడికి కొత్త. 2024 జనవరి 6న ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టాన్ని, అంటే ఎస్మాను, ప్రయోగించి ఆరు నెలల పాటు సమ్మెను నిషేధించింది. తనంతట తాను ముందుకొచ్చి చేసే సేవను మానుకుంటే నేరమెలా అవుతుందో, మానితే నేరమయ్యేంత అవసరమైన పనికి వేతన స్కేలు ఎందుకు లేదో, ఆ జీవోను పదే పదే చదివినా నాకు బోధపడలేదు. అంతకుముందే చాలా చోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టించి, నడిపే బాధ్యత గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బందికి అప్పగించారు. అదే గదిలో, అదే పిల్లలకు, అదే గుడ్డు ఉడకబెట్టి పెట్టిన ఆ కొన్ని రోజులకు సచివాలయ ఉద్యోగికి మూల వేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం యథాతథంగా పడ్డాయి. పని అదే అయినప్పుడు తేడా ఎక్కడుందో బిల్లుల గుమస్తాకు వేరే చెప్పనక్కరలేదు. సమ్మె 42 రోజులకు, చర్చల తరువాత ముగిసింది.

న్యాయస్థానాల్లో తమరి రికార్డు కూడా చూశాను. 2006 డిసెంబరులో, కర్ణాటక నుంచి వచ్చిన అమీర్బీ కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలది సివిల్ పోస్టు, అంటే ప్రభుత్వోద్యోగం, కాదని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు తమరు పండగ చేసుకొని ఉంటారు. కానీ 2022 ఏప్రిల్ 25న అదే కోర్టు, గుజరాత్ నుంచి వచ్చిన కేసులో, 1972 నాటి గ్రాట్యుటీ చట్టం లెక్కన తమరు కూడా వేతనమేనని తేల్చింది. ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు జరిగేది విద్యాబోధనే అన్నది ఆ తీర్పులో ఒక ముఖ్య కారణం. ఆహారం వండినందుకే కాక, పాఠం చెప్పినందుకూ టీచరమ్మకు చట్టం తలుపు తెరుచుకుంది. పాత అలవాటు కదా, ముప్పై ఏళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ ఎంతో కాగితం మీద వేసి చూశాను: 11,500ను 26తో భాగించి, 15తో గుణించి, ముప్పై ఏళ్లతో హెచ్చిస్తే 1,99,038 రూపాయలు. ఇది కోరిక కాదు, కూడికలూ హెచ్చవేతలూ. 2013లో జరిగిన 45వ భారత కార్మిక మహాసభ ఇంకా ముందుకెళ్లి, ఇలాంటి పథకాల్లో పనిచేసేవారిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం, సామాజిక భద్రత ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసు ఏ బీరువాలో ఉందో తమరికే తెలియాలి.

అయ్యా, తమరిని రద్దు కమ్మని నేను కోరడం లేదు. వచ్చే నెల బిల్లులో దయచేసి మూల వేతనం గడిలోకి జరిగి కూర్చోండి. ఒకసారి అక్కడ కూర్చున్నాక కరువు భత్యం, ఇంక్రిమెంటు, భవిష్య నిధి వాటంతటవే వచ్చి పక్క గడుల్లో కూర్చుంటాయి. ఆ పైన ట్రెజరీ వారు ఏదైనా అభ్యంతరం రాస్తే, సమాధానం తయారు చేసి పెట్టడానికి నేను ఖాళీగానే ఉన్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక రిటైర్డు సీనియర్ అసిస్టెంటు

ప్రతి: ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ ప్రాంతాల ప్లేస్కూళ్లలో కొన్నింట నివసించు పది నెలల జీతం గారికి, సమాచారం నిమిత్తం. మే నెలలో టీచర్లకు ఆకలి వేయదన్న తమ అభిప్రాయానికి ఆధారమైన ఉత్తర్వు నకలు, యాజమాన్యం బీరువాలో ఉన్న వారి ఒరిజినల్ సర్టిఫికెట్లతో సహా, తిరుగు టపాలో పంపగలరు.