నాయకులు కావాలా? పిల్లల్ని చేలోకి తోలండి

అమెరికాలో నాయకత్వం నేర్పే బిజినెస్ స్కూళ్లన్నిటికీ వెంటనే తాళాలు వేయాలని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. వేలకు వేల డాలర్లు ఫీజు కట్టి, ఏసీ గదిలో కూర్చుని నేర్చుకునేది ఏపాటి నాయకత్వం? అసలైన శిక్షణ సంస్థలు టెక్సస్ నుంచి మిషిగన్ దాకా ఆరుబయట, పైకప్పు ఖర్చు కూడా లేకుండా, ఎప్పటినుంచో నడుస్తున్నాయి. తెలియనివాళ్లు వాటిని పొలాలంటారు.

నమ్మకం కుదరకపోతే లూపే వాల్డెజ్‌ని చూడండి. 1947లో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరి సంతానం. పంట ఎక్కడ కోతకొస్తే అక్కడికి మూటాముల్లె సర్దుకుని పోయే వలస కూలీల ఇల్లు. అలాంటి ఇంటి అమ్మాయి జైల్లో కాపలా ఉద్యోగంతో మొదలుపెట్టి, ఆర్మీ రిజర్వులో కెప్టెనై, కస్టమ్స్‌లో ఏజెంటై, 2004లో టెక్సస్‌లోని డల్లాస్ కౌంటీ షెరీఫ్‌గా, అంటే ఆ జిల్లా పోలీసులకీ జైలుకీ పెద్దగా, ఎన్నికల్లో గెలిచారు. ఆ తర్వాత 2008, 2012, 2016ల్లో కూడా ఆవిడే. ఇంకేం రుజువు కావాలి? చేలో చిక్కుడే కాదు, షెరీఫ్ ఛాతీ మీద మెరిసే బ్యాడ్జీ నక్షత్రం కూడా మొలుస్తుందని తేలిపోయింది. అవే చాళ్లలో వంగిన మిగతా లక్షలమంది పిల్లలు ఏమయ్యారని అడిగే గిట్టనివాళ్లు ఎప్పుడూ ఉంటారు. విత్తనం నాసిరకమని చెప్పి పంపించేయండి.

ఈ సంస్థల గొప్పతనాన్ని ముందే కనిపెట్టింది సాక్షాత్తూ అమెరికా కాంగ్రెస్. 1935లో యూనియన్ పెట్టుకునే హక్కు ఇస్తూ చట్టం చేసినప్పుడు పొలం కూలీలని జాగ్రత్తగా పక్కన కూర్చోబెట్టింది. 1938లో కనీస కూలి, ఓవర్‌టైమ్ చట్టం వచ్చినప్పుడు మళ్లీ అదే శ్రద్ధ. కనీస కూలిలో వాళ్లకి చోటు దొరకడానికి 1966 దాకా పట్టింది. ఓవర్‌టైమ్ అయితే ఆ చట్టంలో ఇప్పటికీ లేదు. శిష్యులకి ఓవర్‌టైమ్ ఏమిటి, గురుకులంలో?

అడ్మిషన్ వయసు కూడా చూడండి. 12 ఏళ్ల పిల్ల ఆఫీసులో ఫైళ్లు సర్దే పనికి చట్టప్రకారం పనికిరాదు. బడి వేళ కాకుండా, అమ్మానాన్నలు ఊఁ అంటే, ఎర్రటి ఎండలో చేలో మాత్రం పనిచేయొచ్చు. ప్రమాదకరమైన పనులకి ఫ్యాక్టరీలో 18 ఏళ్లు నిండాలి. పొలంలో 16 చాలు. ట్రాక్టర్లకి పిల్లలంటే ముద్దు కాబోలు.

ఇక పాఠాలు. కాలిఫోర్నియాలో లెట్యూస్ అనే సలాడ్ ఆకు పండే చేలల్లో ఒకప్పుడు ఒక పార ఉండేది. కూలీలు దాన్ని స్పానిష్‌లో 'ఎల్ కోర్తీతో', అంటే పొట్టిది, అనేవాళ్లు. పిడి మూరెడుంటే గొప్ప. దానితో మొక్కలు పలచన చేయాలంటే మనిషి నడుం దగ్గర రెండుగా మడతపడి, మట్టి వాసన ముక్కుకి తగిలేంత వంగి, చాలు చివరిదాకా అలాగే జరుగుతూ పోవాలి. ఆ చాలు అయ్యాక ఇంకో చాలు. పిడి ఇంకో రెండు మూరలు పెంచితే ఏం పోయింది అంటారా? మేనేజ్‌మెంట్ సూక్ష్మమంతా అక్కడే ఉంది. పొట్టి పార చేతిలో ఉన్న మనిషి నిటారుగా కనబడ్డాడంటే పని ఆపాడన్నమాటే. మేస్త్రీ ట్రక్కు దిగకుండానే లెక్క తేల్చేయొచ్చు. నడుములు పోతున్నాయని డాక్టర్లు సాక్ష్యం చెప్పి, వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి 1975లో ఆ పారని నిషేధించారు. ఎంత నష్టం! నిటారుగా నిలబడితే తిట్లు తిన్న పిల్లకి పోలీస్ అకాడమీలో 'అటెన్షన్' అనగానే ఎంత హాయిగా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

పోలీసులకీ పొలాలకీ చుట్టరికం కొత్తదేం కాదు. 1965లో కాలిఫోర్నియాలోని డెలానోలో ద్రాక్ష తోటల్లో ఫిలిపినో కూలీలు పని ఆపేశారు, కూలీల నాయకుడు సీజర్ చావెజ్ వెనకున్న మెక్సికన్ కూలీలు వాళ్లతో కలిశారు. మరుసటి ఏడాది మార్చిలో సెనేట్ సబ్‌కమిటీ అక్కడికే వచ్చి విచారణ జరిపింది. సమ్మెవాళ్లని ఎందుకు అరెస్టు చేశావని అడిగితే కెర్న్ కౌంటీ షెరీఫ్ దాపరికం లేకుండా చెప్పాడు: వీళ్లని ఇక్కణ్నుంచి తీసేయకపోతే గుండెలు కోసేస్తామని చేలో ఉన్నవాళ్లు బెదిరించారట, అందుకని శాంతిభద్రతల కోసం వీళ్లని లోపలేశాడట. మళ్లీ చదవండి. కోస్తామన్నవాళ్లు చేలోనే ఉన్నారు, గుండెలున్నవాళ్లు లాకప్‌లో ఉన్నారు. భోజన విరామంలో కాస్త అమెరికా రాజ్యాంగం చదువుకోమని సెనేటర్ రాబర్ట్ కెనడీ సలహా ఇచ్చాడు. కడుపుకి తినే టైములో చదువేమిటి, పాపం.

ఆ షెరీఫ్ కుర్చీలోకి ఇప్పుడు ఆ చేల పిల్లలే వస్తున్నారు కదా, సంతోషం కాదా అంటారు. సంతోషమే. వేదిక మీద శాలువా కప్పి "మీరు చేలోంచి వచ్చారు!" అని చప్పట్లు కొట్టడానికి అందరం సిద్ధం. చిన్న షరతు మాత్రం ఉంది. ఆ చేనుని ప్రసంగంలో గుర్తు చేసుకోవచ్చు. డ్యూటీలో గుర్తొచ్చినట్టు అనుమానం కూడా రాకూడదు.

2015లో వాల్డెజ్ విషయంలో జరిగింది ఇదే. జైల్లో ఉన్న వలసదారులని విడుదల గడువు దాటాక కూడా తమ కోసం ఆపి ఉంచమని కేంద్ర ఇమిగ్రేషన్ అధికారులు కోరుతుంటారు. అలాంటివాటిని ఏ కేసుకి ఆ కేసు చూసి నిర్ణయిస్తామని ఆవిడ అన్నారు. టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ నుంచి ఘాటుగా ఉత్తరం వచ్చింది. 2017లో టెక్సస్‌లో అలాంటి షెరీఫ్‌ల చేతులు కట్టేసే చట్టమే వచ్చింది. ఆ ఏడాది చివర ఆవిడ రాజీనామా చేసి, 2018లో అదే అబాట్ మీద గవర్నర్ పదవికి పోటీ చేసి ఓడిపోయారు. గెలుపు ఓటముల సంగతి అలా ఉంచితే, కేసు చూసి నిర్ణయించడం అనే చెడ్డ అలవాటు ఎక్కడ అంటిందో మా సంస్థల తరఫున విచారణ జరగాలి. మా సిలబస్‌లో అది లేదు.

ఒక చిక్కు ఉంది, దాచి లాభం లేదు. వాల్డెజ్ తల్లి. ఇంత మంచి శిక్షణ చేతిలో పెట్టుకుని ఆవిడ చదువు, చదువు అని ఒకటే పట్టు. దాంతో పిల్ల ఊరికి ఆ చివర ఉన్న మెరుగైన హైస్కూలుకి రోజూ రెండు బస్సులు మారి వెళ్లింది. ఆ తర్వాత డిగ్రీ, ఆ పైన క్రిమినాలజీలో మాస్టర్స్. ఈ సంగతి బయటికొస్తే నక్షత్రం మొలిచింది చేలోనా, బస్సులోనా అని జనానికి లేనిపోని సందేహాలు వస్తాయి. ఆపైన ఎవరో ఒకరు బస్సులకీ బళ్లకీ డబ్బు అడుగుతారు. కాబట్టి ఈ ప్రతిపాదన అచ్చుకి పంపేముందు ఈ ఒక్క పేరా కొట్టేయవలసిందిగా సంపాదకులవారికి మనవి.