ఎదురు నీటిలో తెడ్డేస్తే బలం రాదు

దసరా సెలవులైపోయి బడి రోయింగ్ జట్లు మళ్లీ కాలవ రేవుకి చేరేసరికి జట్టుకి ఎలా తర్ఫీదివ్వాలో చెప్పే ఆ వాట్సాప్ మెసేజ్ కూడా తిరగడం మొదలెడుతుంది. "గోదారి బిడ్డకి కోచ్ ఎందుకు?" అని మొదలై "పది రోజుల్లో ఛాంపియన్ జట్టు" అని ముగుస్తుంది. మధ్యలో ఏడు సూత్రాలు. ఈ వారంలోనే అయిదుగురు పంపారు. వాళ్లలో పిల్లల్ని జట్టుకి పంపే తండ్రులున్నారు, ఒక పీఈటీ మాస్టారు కూడా ఉన్నారు. అందుకే ఊరుకోబుద్ధి కావడం లేదు.

ముందు ఆ మెసేజ్‌తో వచ్చే ఫోటో సంగతి. దాంట్లో ఉన్నవాళ్లు చేస్తున్నది రోయింగ్ కాదు. అది డ్రాగన్ పడవ. సంక్రాంతికి ఆత్రేయపురం కాలవలో పందేలకి దింపేది అలాంటి పడవలనే. అందులో వెళ్లే దిక్కుకే చూస్తూ, చేతిలో విడిగా ఉన్న తెడ్డుతో నీళ్లని వెనక్కి తోస్తారు. రోయింగులో వెళ్లే దిక్కుకి వీపు ఉంటుంది. తెడ్డు పడవ పక్కన గేటు అనే పట్టులో బిగించి ఉంటుంది, కూర్చునే సీటు చక్రాల మీద జరుగుతుంది. రెండూ మంచి ఆటలే. ఒకదాని కిటుకులు రెండోదానికి పనికిరావు.

"ఏటి ఒడ్డున పుట్టినవాడికి తెడ్డు పుట్టుకతోనే వచ్చు" అన్నది మొదటి సూత్రం. 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో, అంటే ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పోటీలో, 13వ స్థానంలో నిలిచిన దత్తూ భోకనాళ్‌ది నాసిక్ జిల్లాలో కరువు పీడించే ఊరు. సైన్యంలో చేరాకే ఆయన తెడ్డు పట్టాడు. ఒడ్డున పుట్టినందుకు మన పిల్లలకి నీళ్లంటే బెదురు తక్కువ, అంతే. బెదురు లేకపోవడం ఈత రావడం కాదు. నిక్కరు, టీషర్టుతో 50 మీటర్లు ఈది, ఆ తర్వాత రెండు నిమిషాలు లోతు నీళ్లలో నిలువుగా తేలగలిగిన పిల్లకే పడవ. మిగతావాళ్లకి ముందు ఈత.

రెండో సూత్రంలో పచ్చి గుడ్లు తాగమనడం, ప్రాక్టీసులో మంచినీళ్లు తాగకూడదనడం, బొబ్బల మీద ఉప్పు రాయడం: మూడూ తప్పే. మన ఉక్కపోతలో పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగాల్సిందే. బొబ్బని చిదమకుండా సబ్బుతో కడిగి, ఆరబెట్టి, టేపు వెయ్యాలి. చిట్లిన చేతులతో కాలవ నీళ్లలో దిగితే ఎలుకల జ్వరం ముప్పు కూడా ఉంటుంది. అసలు బొబ్బలు లేచేది పిడిని పిడికిలితో నలిపి పట్టుకోవడం వల్ల. వేళ్లతో కొక్కెంలా పట్టుకుంటే సగం తగ్గుతాయి.

"మొదటి రోజు నుంచీ నిమిషానికి 36 తెడ్లు, రెక్కల బలమంతా పెట్టి" అన్న సూత్రం దగ్గర కాసేపు ఆగాలి. నిమిషానికి 36 సార్లు తెడ్డేస్తే ఒక్కోసారికి దొరికేది 1.7 సెకన్లు. కొత్త పిల్లవాడు ఆ కాస్త సమయంలో ఒక వరస గుర్తుంచుకోవాలి. తెడ్డు దిగగానే కాళ్లు తొయ్యాలి, కాళ్లు చాపుకునే చివర్లో నడుం వెనక్కి వాలాలి, ఆఖర్న చేతులు పిడిని డొక్కల దగ్గరికి తేవాలి. సీటు మళ్లీ ముందుకి జరిగేటప్పుడు వరస తిరగబడుతుంది: చేతులు, నడుం, కాళ్లు. తొందరపెడితే రెండు తప్పులు ఖాయం. ఒకటి, కాళ్లు చాపుకుపోయి సీటు వెనక్కి జారుతుంది కానీ పిడి కదలదు. బరువంతా నడుం మీద పడుతుంది. రెండోది క్రాబ్. తెడ్డు రెక్క నిలువుగా తిరక్కముందే నీళ్లలో దిగితే కిందికి లాక్కుపోతుంది, పిడి వచ్చి పొట్టలో గుద్దుతుంది. గట్టిగా తగిలితే పిల్లవాడు పడవలోంచి లేచి అవతల పడతాడు.

సీజన్ మొదటి నాలుగు వారాలూ నిమిషానికి 18 నుంచి 20 తెడ్లు చాలు. ముందు చేతులతోనే 20 తెడ్లు, తర్వాత చేతులూ నడుమూ కలిపి 20, సీటు సగం జరుపుతూ 20, అప్పుడు పూర్తిగా. ఆ పైన పదిహేను నిమిషాల చొప్పున మూడు విడతలు, మధ్యలో మూడేసి నిమిషాల విశ్రాంతి. పక్కవాడితో మాట్లాడగలిగేంత ఊపిరి మిగలాలి. పని కుదురుతోందో లేదో నీళ్లే చెబుతాయి. తెడ్డు తీసిన చోట సుడి మిగులుతుంది. అది నల్లగా, బిగువుగా, గుండ్రంగా తిరుగుతూ వెళ్తే తెడ్డుకి నీళ్లలో పట్టు దొరికినట్టు. తెల్లటి నురగ లేస్తే తెడ్డు నీళ్లని చింపి గాలిని లాక్కొచ్చినట్టు. గట్టు మీద సైకిలు తొక్కుతూ వెంట వెళ్లే మాస్టారు పిల్లల చేతుల్ని వదిలేసి ఈ సుడుల్నే చూసుకోవచ్చు. నలుగురి సుడులూ ఒకేలా ఉంటే జట్టు కుదిరినట్టే.

గట్టు మీద కసరత్తుకి వాడే రోయింగ్ మెషీన్‌లో బరువు మార్చే మీటని 10 మీద పెట్టాలట. అక్కర్లేదు. బడి పిల్లలకి 3 నుంచి 5 సరిపోతుంది. 10 మీద ప్రతి లాగుడూ బండ లాగినట్టుంటుంది, పదిహేనేళ్లవాడి నడుం పట్టేస్తుంది.

ఇక అయిదో సూత్రం. మిగతావి పిల్లల నడుం పాడుచేస్తాయి, ఇది ప్రాణం తీస్తుంది. "ఎర్రనీరు ఉన్నప్పుడే దింపండి, ఏటికి ఎదురు తెడ్డేస్తేనే రెక్కలకి బలం" అని రాశారు. ఎర్రనీరంటే వరద నీరే. రాసినవాళ్లకి నీళ్లలో పడవ ఎలా నడుస్తుందో తెలియదు. పడవా, తెడ్డూ రెండూ ఉన్నది ఒకే నీళ్లలో. ఆ నీరు మొత్తం కిందికి పోతుంటే పడవా దాంతోపాటే పోతుంది. తెడ్డుకి తగిలే బరువు నిలవ నీటిలో ఎంతో ఎదురు నీటిలోనూ అంతే. గట్టు మీద కొబ్బరి చెట్లు నెమ్మదిగా కదలడం చూసి ఎక్కువ కష్టపడుతున్నామని అనుకుంటాం. నిజంగా బరువు పెంచాలంటే నిలవ నీటిలోనే పడవ నడుం చుట్టూ లావు తాడు చుట్టండి, లేదా నలుగురి పడవలో ఇద్దరు తెడ్లు నీటి మీద పరిచి పడవని నిలబెడుతుంటే మిగతా ఇద్దరితో తెడ్డేయించండి. ఆ ఇద్దరికీ రెండింతల పని దొరుకుతుంది, ఎవరికీ ముప్పు ఉండదు.

వరద నీటిలో జరిగేది వినండి. కొత్త జట్టు నెమ్మదిగా తెడ్డేస్తే సెకనుకి 3 మీటర్లు వెళ్తుంది. నీటి వడి 2 మీటర్లయితే గట్టుని బట్టి చూస్తే ముందుకి పోయేది ఒక్క మీటరే. ఒకడికి క్రాబ్ పడి పడవ ఆగిందా, సెకనుకి 2 మీటర్ల చొప్పున వెనక్కి కొట్టుకుపోతుంది. ముప్పై మీటర్ల కింద వంతెన స్తంభం ఉంటే దొరికేది పదిహేను సెకన్లు. ఈలోగా ముక్కు పక్కకి తిరుగుతుంది. పన్నెండు మీటర్ల పడవ అడ్డంగా స్తంభానికి ఆనుకుంటే నీరంతా దాని మీదే తోస్తుంది, పడవ మధ్యకి విరుగుతుంది. ఎగువకి వెళ్తున్నప్పుడు పిల్లల వీపులు ఎగువకే ఉంటాయి కాబట్టి కొట్టుకొచ్చే మొద్దూ, గుర్రపుడెక్క తెట్టూ వాళ్లకి కనపడవు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద నీటిలో మునిగింది ఇంజన్ ఉన్న పెద్ద పడవ. వీళ్లు దింపమంటున్నది వేళ్ల మందం కూడా లేని ఫైబర్ పెంకుని, అందులో తొమ్మిదో తరగతి పిల్లల్ని.

"మొదటి హెచ్చరిక ఇంకా ఇవ్వలేదుగా" అని వాదించేవాళ్లు కూడా ఉన్నారు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చేది నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే. అప్పటికి పది లక్షల క్యూసెక్కులు పోతుంటాయి. అది లంకల్లో వాళ్లని అప్రమత్తం చెయ్యడానికి పెట్టుకున్న లెక్క, బడి పడవల కోసం కాదు. నీరు ఎర్రబడిన రోజే పడవలు షెడ్డులోకి చేరాలి.

మెసేజ్‌లో రుజువుగా చూపిన టైములున్నాయి: 500 మీటర్లకి మొదటి రోజు 2 నిమిషాల 5 సెకన్లు, పదో రోజు 1 నిమిషం 51 సెకన్లు. పద్నాలుగు సెకన్లు తగ్గాయని సంబరం. 2:05 అంటే సెకనుకి 4 మీటర్లు. అదే జట్టు అదే బలంతో అర మీటరు వడి ఉన్న కాలవలో దిగువకి వెళ్తే 4.5 మీటర్లు, టైము 1:51. లాకుల దగ్గర నీళ్లు వదిలితే చాలు, పిల్లలేమీ నేర్చుకోకపోయినా ఈ "ప్రగతి" వచ్చేస్తుంది. ఎగువకి తిప్పితే అదే జట్టుకి 2:23 పడుతుంది.

కాబట్టి కొలిచే రోజు ఒక కొబ్బరి బొండాం తెచ్చుకోండి. నీళ్లలో బాగా మునిగి తేలుతుంది కాబట్టి గాలికి పెద్దగా కదలదు. గట్టున 20 మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతి, బొండాం కాలవ మధ్యలోకి విసిరి టైము చూడండి. 40 సెకన్లు పడితే వడి అర మీటరు. ఎగువకీ దిగువకీ రెండుసార్లూ పరుగు తీయించి వేగాలు సగటు చెయ్యండి. టైములు సగటు చేస్తే 2:07 వచ్చి లెక్క తప్పుతుంది. ఇంకా తేలికంటే, రెండు వారాలకోసారి మెషీన్ మీద నిమిషానికి 20 లాగుళ్ల చొప్పున ఇరవై నిమిషాల్లో ఎన్ని మీటర్లో రాసుకోండి. దానికి ప్రవాహం లేదు.

లైఫ్ జాకెట్ వద్దనడం, పాదాలు తాడుతో కట్టెయ్యమనడం ఆరో సూత్రం. లావు నారింజ జాకెట్ మోచేతికి అడ్డొస్తుందన్న మాట వరకు ఒప్పుకుంటాను. అందుకే చంకలు వెడల్పుగా ఉన్నవి కొనాలి. పాదాలు కట్టడం మాత్రం క్షమించరానిది. పడవలోనే బిగించి ఉండే బూట్ల మడమకి పొట్టి తాడు ఉండేదే బోల్తా పడినప్పుడు కాలు లాగగానే బూటు వదిలేసేందుకు. ఎక్కే ముందు ప్రతి పిల్లా చెయ్యి వాడకుండా కాలు లాగి చూపించాలి.

ఏడోది నిజమే: "ఫైబర్ పడవకన్నా ముందు నాటు పడవ ఎక్కించండి." చాలా బడులు దీన్ని చిన్నతనంగా అనుకుంటాయి కానీ ఈ సలహా మంచిది. సింగిల్ స్కల్ పడవ 14 కిలోలుంటుంది, ఊపిరి గట్టిగా పీల్చినా ఒరుగుతుంది. పిల్లవాడి రెండు వారాలు పడకుండా కూర్చోవడానికే సరిపోతాయి. వెడల్పాటి నాటు పడవలో ఆ రెండు వారాల్లోనే తెడ్డు ఎంత లోతు దించాలో, పడవని ఎలా ఆపాలో, రేవుకి పక్కగా ఎలా తేవాలో వచ్చేస్తుంది. పక్కన ఆ కాలవ తెలిసిన సరంగు ఒకరుంటే ఎక్కడ గాడి లోతు, ఎక్కడ మేట వేసిందో కూడా చెబుతాడు. ఆయనకి కూలీ ఇచ్చి పిలవండి.